తొంభై ఆరు చుట్లు

పదకొండేళ్లుగా ఒక సందేహం నా మనసులో ఉంది. నేలలో వేస్తే కుళ్లని, నీళ్లలో వేస్తే నానని, నిప్పులో వేస్తే బూడిద కాకుండా కరిగి ముద్దయ్యే దారంతో చేసిన జంధ్యం దేవుడి దగ్గర జంధ్యంగా చెల్లుతుందా?

ఇది ఊరికే వచ్చిన సందేహం కాదు. సూరత్‌లో వడోద్ అనే పేటలో ఉన్న మా పద్మశాలి ఇళ్లన్నిటికీ ఏటా జంధ్యాలు చేసి ఇచ్చేవాణ్ణి నేనే. 2010 నుంచి నేను ఇచ్చినవన్నీ పాలిస్టర్‌వి. ఎవరికీ చెప్పలేదు. మిగతావాళ్ల సంగతి ఎలా ఉన్నా, నాకు జంధ్యం చేయడం నేర్పిన లక్ష్మీరాజం మామను చూసినప్పుడల్లా నాకు లోపల ఏదో గుచ్చుకునేది. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఏదో ఒక రోజు నేను వేసిన ఆ దారంతోనే ఆయన చితి ఎక్కుతాడు. అది ఆయన ఒంటి మీద కాలదు, కరుగుతుంది. అంతలోగా ఆయనకు నిజం చెప్పి, మెడలో నూలు జంధ్యం వేయగలనా లేదా అన్నదే నా బాధ.

ఒకసారి సూరత్‌లోనే ఆల్థాన్ అనే చోట ఒక పంతులుగారిని అడిగాను. అక్కడి బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో వ్రతాలు చేయిస్తారాయన. మా యజమాని సేఠ్ ఇచ్చిన మిఠాయి డబ్బా ఒకటి చేతిలో పెట్టి నా సందేహం చెప్పాను. దారం ఏదైనా భావం ముఖ్యం నాయనా, కాలాన్ని బట్టి పోవాలి అన్నారు. దండం పెట్టి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక, భావమే చాలైతే దారం ఎందుకు పెట్టారు అనిపించింది. కానీ మళ్లీ వెళ్లి అడగలేదు. పెద్దవాళ్లను రెండోసారి అడగడం నాకు అలవాటు లేదు.

నేను ఏడో తరగతి వరకు చదివాను. శాస్త్రాలు తెలియవు. పొద్దున్నే స్నానం చేసి, మార్కండేయుల పటం ముందు దీపం పెట్టి, ఖాతాకు పోవడం తెలుసు. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. మా కులానికి మూలపురుషుడైన భావనాఋషి తామరతూడులోంచి పోగు తీసి దేవతలకు మొదటి బట్ట నేశాడని మా నాన్న చెప్పేవాడు. ఆ మాట నేను నమ్ముతాను. నమ్ముతూనే ముప్పై ఏళ్లకు పైగా భూమిలోంచి తోడిన నూనెతో చేసిన దారాన్ని నేశాను.

నేను సిరిసిల్ల పక్క ఊరి నుంచి సూరత్‌కు వచ్చింది 1988లో. అప్పుడు వడోద్‌లో మావాళ్లు పంతొమ్మిది మంది. రేకుల గదులు, మధ్యలో ఒక చేతిపంపు. శ్రావణ పున్నమిని మేము నూలు పున్నమి అంటాం. ఆ రోజు పాత జంధ్యం తీసి కొత్తది వేసుకోవాలి, పాతది పారే నీళ్లలో వదలాలి. మా పేట పక్కన పారే నీళ్లంటే ఖాడీ అనే వాగు ఒక్కటే. అది అప్పుడు కాలువలాగే ఉండేది. చిన్న చేపలు కనిపించేవి. లక్ష్మీరాజం మామ తకిలి మీద తన చేత్తో నూలు వడికి, పంతొమ్మిది మందికీ పంతొమ్మిది జంధ్యాలు చేసేవాడు. నాలుగు వేళ్లకు తొంభై ఆరు చుట్లు చుట్టి, ఆ పోగును మూడుగా పేని, మళ్లీ మూడుగా మడిచి ముడి వేయాలి. ఆ పని నాకు నేర్పింది ఆయనే. నాది ఎడమచేతి వాటం. నా ముడి అందరి ముడికి వ్యతిరేకంగా తిరుగుతుంది. నీ జందెం ఏ ఊర్ల ఉన్నా పట్టుకుంట అని ఎగతాళి చేసేవాడు.

2003లో ఆయన వేళ్లు వణకడం మొదలయ్యాక ఆ పని నాకు అప్పజెప్పాడు. నాకు వడకడం రాదు. అందుకని సిరిసిల్ల నుంచి నూలు చిలపలు తెప్పించి, చుట్టి, ముడివేసి ఇచ్చేవాణ్ణి. అప్పటికే నూట అరవై మందిమి అయ్యాం. ఒకరు తన బావమరిదిని తెచ్చుకుంటే, ఆ బావమరిది తన అన్న కొడుకులను తెచ్చుకున్నాడు. వాళ్లకు పెళ్లిళ్లు, పిల్లలు. రేకుల గదుల మీద గదులు, వాటి మీద మళ్లీ గదులు లేచాయి. ఆ పంతొమ్మిది మంది కోసం తవ్విన మురికి కాలువే అందరికీ. ఒడియావాళ్లు, యూపీవాళ్లు, మరాఠీవాళ్లు కూడా అలాగే పెరిగారు. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. నా తమ్ముళ్లిద్దరినీ తెచ్చింది నేనే.

మనుషులతో పాటు మగ్గాలూ పెరిగాయి. పాత మగ్గాలు పోయి నీటి మగ్గాలు వచ్చాయి. వాటిలో కండె ఉండదు. సన్నటి నీటిధార దారాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు విసురుతుంది. నేను జాబర్‌ని, అంటే మగ్గాలు బిగించి సరిచేసే మేస్త్రీని. మా ఖాతాలో నలభై నీటి మగ్గాలు నా చేత్తోనే బిగించాను. ఒక్కొక్కటి రోజుకు ఒక చిన్న ట్యాంకు నీళ్లు తాగుతుంది. వాటి కోసం సేఠ్ బోరు వేయించాడు, పక్క సేఠ్ అంతకంటే లోతుగా వేయించాడు. మా చేతిపంపు ఎండిపోయింది. గదుల యజమాని మూడు వందల అడుగుల బోరు వేస్తే పచ్చటి నీళ్లు, గుడ్లు కుళ్లిన వాసన. తాగడానికి డబ్బా నీళ్లు కొనుక్కోవడం అలవాటైంది. నేను బిగించిన మగ్గాలే నా పంపు తాగేశాయని నాకు చాలాకాలం తట్టలేదు. తట్టాక కూడా మరుసటి రోజు డ్యూటీకి పోయాను.

2010లో నూలు పున్నమికి వారం ముందు రావలసిన చిలపలు రాలేదు. లారీ ఎక్కడో ఆగిపోయిందన్నారు. ఆ ఏడు పేర్లు రాసుకుంటే నాలుగు వందల పన్నెండు. ఖాతాలో నా ముందు దారం కోన్లు గుట్టగా ఉన్నాయి. తెల్లగా, నున్నగా, నూగు అన్నదే లేకుండా. ఒకటి తీసి నాలుగు వేళ్లకు చుట్టి చూశాను. తొంభై ఆరు చుట్లూ ఒక్కసారి కూడా తెగకుండా వచ్చాయి. నూలైతే ఒక జంధ్యానికి రెండు మూడుసార్లు తెగేది. పసుపు నీళ్లలో ముంచితే నూలు తాగినట్టు తాగలేదు. పసుపు పైపైనే అంటి, ఎండలో పెట్టేసరికి పొడిగా రాలింది. మళ్లీ ముంచాను. ఒక్క రోజులో నాలుగు వందల పన్నెండూ అయిపోయాయి. పున్నమి నాడు అందరూ వచ్చి తీసుకుని, వేసుకుని, కళ్లకు అద్దుకుని పోయారు. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి ఏడు నేను చిలపలకు కబురే పెట్టలేదు.

అలా పదేళ్లు. ప్రతి ఏటా పాతవన్నీ ఒక గంపలో పోసుకుని, అరటాకు కప్పి, దండం పెట్టి ఖాడీలో వదిలేవాణ్ణి.

కరోనా వచ్చిన ఏడు మార్చిలో ఖాతాలు మూతపడ్డాయి. మే నెలలో మా పేట సగానికి పైగా ఖాళీ అయింది. బస్సుల్లో, లారీల్లో, దొరికినదాంట్లో సిరిసిల్ల, కరీంనగర్ పోయారు. మేము పోలేదు. అక్కడ మాకు ఇల్లు లేదు. పెద్దకూతురు భివండీలో ఉంది, ఆమె రాలేదు, మేము పోలేము. నేనూ నా భార్య ఊర్మిళా రోజంతా ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. మగ్గాల చప్పుడు లేకపోతే నాకు చెవుల్లో ఒకటే హోరు. ఆకాశం శుభ్రమైందని, గాలి బాగుపడిందని టీవీలో చెప్తుంటే మేడ ఎక్కి చూశాను. నిజంగానే మిల్లుల పొగగొట్టాలు ఊరికే నిలబడి ఉన్నాయి. ఆకాశం నీలంగా ఉంది. కిందికి వచ్చి బోరు మోటారు వేస్తే మాత్రం అదే పచ్చటి నీళ్లు, అదే వాసన. రెండు నెలలు అన్నీ ఆగినా నేల కింద ఏమీ మారలేదు. నాకు బాధ కూడా కలగలేదు. బకెట్ నింపుకుని వచ్చాను.

ఆ ఆగస్టులో నూలు పున్నమికి పేటలో మిగిలినవాళ్లు ముప్పై ఒక్కరు. నాకు పని లేదు. చేతిలో కావలసినంత పొద్దు ఉంది. ఊర్మిళ బియ్యం ఏరుతూ అంది. "ఈసారి ముప్పై మందే గద. జర నూలుతోని చెయ్యరాదా?"

ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఇంట్లో ఉన్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది. నూలు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ బంద్ కదా అన్నాను. అటక మీద ఉన్న కోన్ దించాను. గంటన్నరలో ముప్పై ఒకటీ అయిపోయాయి. అంతకుముందు ఎవరైనా అడిగితే మనుషులు ఎక్కువయ్యారు, నేనేం చేయను అని చెప్పుకునే వీలుండేది. ఆ ఏడు అదీ లేదు. అది తెలుస్తూనే ఉంది. అయినా చుట్టాను.

2021 మార్చిలో ఖాడీ పూడిక తీయడానికి జేసీబీ వచ్చింది. ఖాతాలు మళ్లీ తెరిచారు. నేను పొద్దున డ్యూటీకి ఖాడీ గట్టు మీదుగా పోతున్నాను. తీసిన బురద గట్టు పొడుగునా నల్లగా కుప్పలు పడి ఉంది. మగ్గాల దగ్గర కత్తిరించి పారేసే దారపు వ్యర్థం, చీర ముక్కలు, పాల కవర్లు, ఒక చెప్పు. రంగు మిల్లుల నీళ్లు వచ్చి చేరే చోటు కాబట్టి బురద కూడా అక్కడక్కడా ఎర్రగా ఉంది. చేపలు పోయి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు.

బకెట్ పళ్లకు ఏదో చుట్టుకుని యంత్రం ఆగిపోయింది. డ్రైవర్ దిగి కత్తితో కోస్తున్నాడు. చేయి లావున తాడులా మెలిపడి ఉంది. కత్తికి తెగక లైటర్ వెలిగించి అంటించాడు. అది కరిగి, నల్లటి చుక్కలుగా కారింది.

"చాచా, యే క్యా హై? రస్సీ హై క్యా?" అని నన్నడిగాడు.

వంగి చూశాను. తాడు కాదు. వందల దారాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుపోయి ఉన్నాయి. దారం దారానికీ ఒక ముడి. ముళ్లన్నీ ఎడమ వైపు తిరిగి ఉన్నాయి.

"పతా నహీ" అన్నాను, నాకేమీ తెలియనట్టు.

అతను మిగతాది కూడా కాల్చి తెంపి, యంత్రం ఎక్కాడు. తెగిపడిన ముక్కల్లో ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని తీసి టిఫిన్ సంచిలో వేసుకున్నాను. ఇంటికి వచ్చాక సబ్బుతో కడిగాను. బురద పోయి తెల్లగా బయటపడింది. నా ఒంటి మీదున్న జంధ్యం పక్కన పెట్టి చూశాను. ఏది ఈ ఏటిదో ఏది ఎన్నేళ్ల కిందటిదో చెప్పలేకపోయాను. ఊర్మిళ చూసి, దేవుడి దగ్గర పెట్టకు అని మాత్రం అంది.

ఆ ఆదివారం లక్ష్మీరాజం మామ ఇంటికి పోయాను. మా సందు దాటితే రెండో సందు. నిజం చెప్పేద్దామనే పోయాను. ఆయన గడపలో స్టూలు మీద కూర్చుని, ముక్కు కిందికి మాస్కు లాగి, పొట్టకు ఎండ తగిలేలా చొక్కా గుండీలు విప్పుకున్నాడు. మెడలో నేను చేసిన జంధ్యం మెరుస్తోంది.

"ఏందిరా అల్లుడా, ఇటు మర్లినవ్? నా బాకీ తెచ్చినవా?" అన్నాడు.

ఆయన అలా అనడం ముప్పై మూడేళ్ల పాత మాట. మావాళ్లలో ఒక ఆచారం ఉంది. పరాయి ఊళ్లో నీకు మొదటి జంధ్యం ఎవరు వేస్తారో, వాళ్లకు నీ చేత్తో వడికిన నూలుతో ఒకటి తిరిగి వేయాలి. అది వేసేదాకా బాకీయే. కొన్న నూలుతో చెల్లదు, ఇంకొకరు వడికినది చెల్లదు. 1988లో నాకు వేసింది ఆయన. వడకడం నేర్చుకుని ఇస్తానన్నాను. ఆ ఏడు కాలేదు, మరుసటి ఏడు రెండు షిఫ్టుల పని, తర్వాత పెళ్లి. ఆ తర్వాత అది ఇద్దరికీ నవ్వుకునే మాట అయింది.

ఆ రోజు నేను నవ్వలేదు. ఖాడీలో పూడిక తీస్తున్నారు మామా అని మాత్రం చెప్పాను. తీయనీ, వానకాలం ఇంట్లకు నీళ్లు రావు అన్నాడు. చాయ్ తాగి వచ్చేశాను. నిజం నోటిదాకా వచ్చింది కానీ దాటలేదు.

ఏప్రిల్ రెండో వారానికి మా పేటలో ఇంటికొకరు దగ్గుతున్నారు. ఒక పడక గదిలో ఆరుగురు, ఏడుగురు పడుకునే ఇళ్లు. ఒకరికి వస్తే ఇంకొకరికి రాకుండా ఎలా ఉంటుంది. మూడు రోజుల్లో నేను పేరు పెట్టి పిలిచే మనుషులు నలుగురు పోయారు. శ్మశానంలో గ్యాసు కొలిమి ఆపకుండా నడుస్తోందని, టోకెన్లు ఇస్తున్నారని ఎవరో చెప్పారు. వింటే మొదటి రోజు ఒళ్లు జలదరించింది. మూడో రోజు ఏమీ కాలేదు. పూజ మాత్రం మానలేదు. దీపం పెట్టేవాణ్ణి, నోరు శ్లోకం చదివేది, మనసు ఎక్కడా ఉండేది కాదు. దేవుడు వింటున్నాడా అని కాదు, నేనే వింటున్నానా అని అనిపించేది.

పదిహేడో తారీకు పొద్దున ఏడు గంటలకు లక్ష్మీరాజం మామ కొడుకు శివకృష్ణ ఫోన్ చేశాడు. నిన్నటి నుంచి బాపుకు ఊపిరి ఆడడం లేదని, వేలికి పెట్టే మిషన్‌లో ఎనభై నాలుగు చూపిస్తోందని చెప్పాడు. ఎక్కడా మంచం లేదట. చివరికి ఒక చోట మధ్యాహ్నానికి ఖాళీ అవుతుందన్నారట. ఒంటి గంటకు అంబులెన్సు పంపిస్తారు, లోపలికి పోయాక ఇంటివాళ్లను కూడా రానివ్వరు.

"కాకా, బాపు నీతోని మాట్లాడుతడట. ఫోన్ ఆయన్కి ఇస్తున్న. జ్యాదా మాట్లాడియ్యకు" అన్నాడు.

లక్ష్మీరాజం మామ గొంతు దూరం నుంచి వచ్చినట్టుంది. మాటకూ మాటకూ మధ్య ఆయన ఊపిరి వినిపిస్తోంది.

"రాజనర్సూ. నా మెడల ఉన్నది తార్ గదా. నూలు గాదు."

మా ఖాతాల్లో పాలిస్టర్ దారాన్ని తార్ అంటారు.

"ఏసిన దినమే ఎర్కయింది. సెమటకు నానది. మెడకు కోస్తది."

"మరి ఎన్నడు అనకపోతివి మామా?"

"ఏ నోటితోని అనాలె? నలభై ఏండ్లు గదే నేస్తి. గదే అన్నం పెట్టె. నిన్నంటే నన్ను నేను అనుకున్నట్టే."

"అందరికి ఎర్కేనా?"

"మొగ్గం పనోళ్లం గాదారా మనం? ముట్టుకుంటే తెల్వదా? నాల్గు వందల మంది గుడ్డోళ్లు అనుకున్నవా?" ఆయన నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. "ఎవ్వడు అనలే. అంటే సగం మంది వడకాలె గద. ఎవనికి తీరుబాటు ఉన్నది."

ఊపిరి కూడదీసుకుని మళ్లీ అన్నాడు.

"గది నా మీద కరగొద్దు బిడ్డా. గంతే. గాడికి పోతే నన్ను ప్లాస్టిక్‌ల చుట్టి పంపుతరు. లోపటన్న నూలు ఉండనియ్యి."

ఫోన్ పెట్టేశాక గడియారం చూశాను. ఏడూ ఇరవై. ఊర్మిళ అంతా విన్నది. కొంగుకు కట్టిన తాళంచెవి తీసి పూజ సామాన్ల పెట్టె వెతికింది. వత్తుల పత్తి గుప్పెడు కూడా లేదు. నేను మందుల షాపుకు పోయి బయట దూరం కోసం గీసిన వలయాల్లో నిలబడి, దెబ్బలకు కట్టే పత్తి చుట్ట ఒకటి తెచ్చాను. సూరత్ బట్టల ఊరు. ఆ ఊళ్లో ఒక జంధ్యానికి సరిపడా పత్తి నాకు మందుల షాపులో దొరికింది.

తకిలి లేదు. ఊర్మిళ పాత గొడుగు ఊచ విరిచి, దానికి ఒక బొత్తాం గుచ్చి ఇచ్చింది. మందుల షాపు పత్తి వడకడానికి లొంగదు. తెల్లబరచడంలో దానిలోని జిగురు పోయి జారిపోతుంది. నేను లాగినప్పుడల్లా జానెడు కూడా రాకముందే తెగింది. ఎనిమిదిన్నర అయ్యేసరికి నా ముందు తెగిన తునకలే ఉన్నాయి.

"ముప్పై ఏండ్లు మొగ్గాలు నడిపినవ్. బెత్తెడు పోగు తియ్యరాదు" అంది ఊర్మిళ. కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టుగా అంది.

నువ్వు తీసి ఇవ్వు, నాకు చేతకావడం లేదు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయనకు బాకీ ఉన్నది నువ్వు, నేను కాదు అంది. తర్వాత విభూతి గిన్నె తెచ్చి నా పక్కన కూర్చుంది. రోజూ వత్తులు చేసే చేయి ఆమెది. విభూతి వేళ్లకు రాసుకుంటే పత్తి జారదని చూపించింది. లాగకు, తిప్పు, అదే వస్తుంది అంది. నా బొటనవేలి మీద తన వేలు పెట్టి రెండుసార్లు తిప్పించి వదిలేసింది.

తొమ్మిదిన్నరకు మూరెడు వచ్చింది. తర్వాత మూరలు మూరలుగా వచ్చింది. సన్నం లావు కలిసి, అక్కడక్కడా ఉండలు. తెగితే ఉమ్మితో కాదు, పాల చుక్కతో అతికించమంది ఆమె. నేను లెక్క వేస్తూ నాలుగు వేళ్లకు చుట్టాను. నలభై రెండు దగ్గర ఒకసారి, డెబ్బై దగ్గర ఒకసారి తెగింది. ఒక్క మనిషికి ఒక జంధ్యం చేయడానికి నాకు నాలుగు గంటలు పట్టింది. నాలుగు వందల పన్నెండు మందికైతే ఎన్ని రోజులు అని ఒక మూల మనసు లెక్క కడుతూనే ఉంది. పంతొమ్మిది మందిమే ఉండిపోయి ఉంటే బాగుండేదా? మిగతావాళ్లు ఎక్కడికి పోయేవాళ్లు, ఏం తినేవాళ్లు? మగ్గం ఉండబట్టే ఇంతమందిమి బతికాం, ఇంతమందిమి కాబట్టే ఇన్ని మగ్గాలు కావలసి వచ్చాయి. దీన్ని ఎక్కడ విప్పాలో నాకు తెలియలేదు. చేతులు ఆపకుండా చుట్టాను.

ముడి వేసి పసుపు నీళ్లలో ముంచితే క్షణంలో పీల్చుకుంది. ఆరేదాకా ఆగే వ్యవధి లేదు. పన్నెండున్నరకు రెండు మాస్కులు పెట్టుకుని, తడి జంధ్యం చేతిలో పట్టుకుని పోయాను.

శివకృష్ణ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "కాకా, లోపటికి రాకు. పాజిటివ్ ఉన్నడు. నాకియ్యి, నేను ఏస్త."

"నేనే ఎయ్యాలె బిడ్డా" అన్నాను. అతను నా ముఖం చూసి, ఇంకో మాస్కు తెచ్చి ఇచ్చి పక్కకు జరిగాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. లక్ష్మీరాజం మామ మంచం మీద గోడకు ఆనుకుని, రెండు దిండ్లు కావలించుకుని కూర్చున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూసి కళ్లతో పిలిచాడు. నాకు వచ్చిన మంత్రం చెప్పాను. ఆయన కుడిచేయి ఎత్తలేకపోతే నేనే ఎత్తి పట్టుకుని, తల మీదుగా ఎడమ భుజానికి వేశాను. తర్వాత పాతది కిందికి దించి తీసేశాను.

"గది ఖాడీల ఎయ్యకు" అన్నాడు.

వెయ్యనన్నాను. మడిచి జేబులో పెట్టుకున్నాను. దాన్ని ఎక్కడ వేయాలో తెలియదు. నేలలో పెట్టినా, నీళ్లలో వదిలినా, కాల్చినా అది ఏదో ఒక రూపంలో ఉంటుంది. నా మనవలు ముసలివాళ్లయ్యేదాకా ఉంటుంది.

ఆయన కొత్త జంధ్యాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, కొలత చూసే నేతగాడిలాగా నెమ్మదిగా జరుపుకుంటూ పోయాడు. లావు వచ్చిన చోట ఆగాడు. ఉండ తగిలిన చోట ఆగాడు. పసుపు ఆయన వేళ్లకు అంటింది.

"మస్తు గుట్టలున్నయ్‌రా" అన్నాడు. "మనూరి తొవ్వ లెక్క."

"మొదటిది గద మామా" అన్నాను.

బయట సందు మొదట్లో అంబులెన్సు వచ్చి ఆగింది. దారి ఇరుకు, లోపలికి రాదు. శివకృష్ణ చక్రాల కుర్చీ కోసం పరుగెత్తాడు. లక్ష్మీరాజం మామ జంధ్యాన్ని చొక్కా లోపలికి దోపుకుని, పై గుండీ తానే పెట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది. నేను సాయం చేయలేదు.

"ముట్టింది, రాజనర్సూ" అన్నాడు. "ఇగ నాకు నువ్వేం బాకీ లేవు."